బీరువాలో దాచిన క్యూబా సిగార్లు: కాల్చాలా, ఉంచాలా, అమ్మాలా?

గుంటూరులో పొగాకు తెలియని ఇల్లు తక్కువ, సిగారు సంగతి తెలిసిన ఇల్లు ఇంకా తక్కువ. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు మాది. వర్జీనియా ఆకు రంగు చూసి గ్రేడు చెప్పేవాళ్లు వీధికొకరు దొరుకుతారు. దుబాయ్ నుంచి అల్లుడు తెచ్చిన కోహిబా అనే క్యూబా సిగార్ల బాక్సుని ఏం చేయాలో మాత్రం ఎవరికీ తెలియదు. బీరువాలో పట్టుచీరల పక్కన, కలరా ఉండల వాసనలో పెట్టేస్తారు. రెండు వేసవులయ్యాక బయటికి తీసి, ఇది లక్షలు చేస్తుందట కదా అని మొదలుపెడతారు.

నేను ఉద్యోగమంతా ఆకు కొనే కంపెనీలో గ్రేడింగ్ దగ్గరే చేశాను. సిగార్ల పిచ్చి ఆ తర్వాత పట్టింది. అందుకే బ్రాడీపేట నుంచీ లక్ష్మీపురం నుంచీ "బాబాయ్, దీనికి ఎంతొస్తుందంటావ్?" అంటూ బాక్సులు చంకన పెట్టుకుని వస్తుంటారు. నా జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే. అమ్మే ఉద్దేశం ఉంటే ఇక్కడికి తేకుండానే ఉండాల్సింది. గుంటూరు గడప తొక్కిన సిగారు కాల్చుకోవడానికే.

అయితే పొగ అలవాటు లేనివాళ్లు ఖరీదైన బాక్సు ఊరికే వచ్చింది కదా అని మొదలుపెట్టకండి. పొగ లోపలికి పీల్చకపోయినా నోటి కేన్సర్, గొంతు కేన్సర్ ముప్పు సిగారుతోనూ ఉంది. పెద్ద సిగారు ఒక్కదాంట్లో ఒక సిగరెట్ పెట్టెకి సరిపడా పొగాకు ఉండొచ్చు. ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే ఆడవాళ్ల అంగిట్లో పుండ్ల గురించి డాక్టర్లు ఎన్నేళ్లుగానో మొత్తుకుంటున్నారు. క్యూబా ఆకైనా నాటు ఆకైనా నోటికి ఒకటే. అలవాటు లేనివాళ్లు తెచ్చినవాళ్లకే మర్యాదగా తిరిగి ఇచ్చేయండి.

ఇక బాక్సు చేతికొచ్చాక మొదటి పని, అసలుదో నకిలీదో తేల్చుకోవడం. మూత గాజుదైతే ఇంకేం చూడక్కర్లేదు. కోహిబా వాళ్లు గాజు మూత బాక్సులు చెయ్యరు. చెక్క బాక్సైతే తిరగేసి అడుగు చూడండి. "హబానోస్ ఎస్.ఎ." (క్యూబా సిగార్లు అమ్మే కంపెనీ పేరు), "హెచో ఎన్ క్యూబా" (క్యూబాలో తయారైంది), "టోటాల్‌మెంటే ఎ మానో" (పూర్తిగా చేత్తో చేసింది) అనే మాటలు చెక్కలోకి కాల్చి వేసి ఉండాలి, వేలితో రాస్తే ఆ గుంటలు తగలాలి. పక్కనే సిరాతో ఫ్యాక్టరీ కోడు, స్పానిష్ నెల పేరులోని మొదటి మూడక్షరాలు, సంవత్సరం ముద్ర ఉంటాయి. బాక్సు ఎప్పుడు కట్టారో చెప్పేది అదే. ఇప్పటి బాక్సులకి ఎడమవైపు ఆకుపచ్చ ప్రభుత్వ సీలు మీద హోలోగ్రామ్, బార్‌కోడ్ ఉంటాయి. ఆ నంబరుని హబానోస్ వాళ్ల వెబ్‌సైట్‌లో కొట్టి చూడొచ్చు. లోపల సిగార్లన్నీ ఒకే రంగులో, లేతవి ఒకవైపు, ముదురువి ఒకవైపు వరసగా పేర్చి ఉండాలి. గ్రేడింగ్ చేసిన చేతులకి ఇది ముందు కనబడుతుంది. క్యూబాలోనూ సిగార్లని రంగును బట్టి వేరు చెయ్యడం పెద్ద పనితనం. ఒక బాక్సులో అయిదారు రంగులు కలగాపులగంగా ఉంటే నాకు అక్కడే అనుమానం వచ్చేస్తుంది. "హవానాలో ఫ్యాక్టరీ వాడే దొంగచాటుగా సగం ధరకి ఇచ్చాడు" అనే కథ వింటే అనుమానం కూడా ఉండదు.

అమ్మకం సంగతి. ఇక్కడ మూడు అడ్డంకులున్నాయి, మొదటిదే పెద్దది. మన 2003 పొగాకు ఉత్పత్తుల చట్టం ప్రకారం బొమ్మతో కూడిన ఆరోగ్య హెచ్చరిక లేని పొగాకు పెట్టెని అమ్మకూడదు. ఆ హెచ్చరిక పెట్టె మీద 85 శాతం మేర ఉండాలి. మీ అల్లుడు డ్యూటీ ఫ్రీలో కొన్న బాక్సు మీద అది ఉండదు. సొంతానికి తెచ్చుకున్నది సొంతానికే. పైగా ప్రయాణికుడు సుంకం లేకుండా తెచ్చుకోగలిగేది 25 సిగార్లు. పాతిక ఉన్న బాక్సు ఒక్కటి తెస్తే కోటా అయిపోయినట్టే. దాంతో వ్యాపారం ఏముంటుంది?

"అయితే డాలస్‌లో ఉన్న మావాడికి పంపిస్తాను, వాడు అమ్మిపెడతాడు" అని అడిగినవాళ్లూ ఉన్నారు. అసలు కుదరదు. 1962 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు కెనెడీ క్యూబా సరుకు మీద పెట్టిన ఆంక్షలు ఇంకా ఉన్నాయి. మధ్యలో ప్రయాణికులు సొంతానికి తెచ్చుకోవడానికి వీలు కల్పించారు గానీ 2020 సెప్టెంబరులో దాన్నీ తీసేశారు. అబ్బాయి బ్యాగులో క్యూబా సిగార్లు పెట్టి పంపితే విమానాశ్రయంలో వాడికి తలనొప్పి. డొమినికన్ రిపబ్లిక్‌దో నికరాగ్వాదో అయితే ఆ ఆంక్షలు వర్తించవు, కానీ వాటిలో ఓపస్ ఎక్స్ లాంటి కొన్నింటికి తప్ప వెతుక్కుంటూ వచ్చి కొనేవాళ్లు తక్కువ.

రెండోది నమ్మకం. పాత సిగార్లకి నిజంగా డబ్బు పలికే చోటు లండన్. అక్కడ వేలాలు జరుగుతాయి. కొనేవాడు అడిగేది రెండే ప్రశ్నలు: సీలు ఉందా, ఇన్నాళ్లూ ఎక్కడ ఉంచారు? రెండోదానికి "గుంటూరులో, మా పడగ్గది బీరువాలో" అని చెప్పండి, తర్వాత మాట ఉండదు. అందుకే మీ వాళ్లు లండన్‌లో ఉంటే, పెట్టుబడిగా కొనాలని సరదా ఉంటే, బాక్సుని ఇంటికి కూడా తీసుకెళ్లొద్దని చెప్పండి. పేరున్న సిగార్ వ్యాపారులే కొన్నవాళ్ల బాక్సుల్ని తమ గదుల్లో తేమ చూసుకుంటూ దాచిపెడతారు. అక్కడే కొని, అక్కడే ఉంచి, అక్కడే అమ్మాలి. బిల్లు, కోడు ఫోటో మాత్రం మీ దగ్గర ఉండాలి.

మూడోది, అన్నీ అరుదైనవి కావు. కోహిబా పేరు ఉన్నంత మాత్రాన అరుదు అయిపోదు. 1966లో మొదలైన ఆ సరుకు చాలాకాలం క్యూబా ప్రభుత్వం అతిథులకి ఇచ్చే కానుకగానే ఉండేది, 1982 నుంచి బజారుకొచ్చింది, ఇప్పుడు ఏటా తయారవుతూనే ఉంది. 2022లో కోహిబా, ట్రినిడాడ్ అనే ఇంకో క్యూబా బ్రాండు ధరల్ని ప్రపంచమంతా హాంకాంగ్ స్థాయికి పెంచేశారు. దాంతో అంతకు ముందు కొన్నవాళ్లు లాభపడ్డారు, అది చూసి తర్వాత కొన్నవాళ్లు ఇంకా ఎదురుచూస్తున్నారు. నిజంగా విలువ పెరిగేవి ఆగిపోయిన సరుకులు. 1990ల మొదట్లో ఆగిన క్యూబా డేవిడాఫ్, డన్‌హిల్ అలాంటివి. 2000 నుంచి వస్తున్న ఎడిసియోన్ లిమిటాడాలు, అంటే పరిమితంగా చేసే ప్రత్యేక సరుకులు, కొన్ని ఆ దారిలో ఉన్నాయి. అదీ సీలు తియ్యకుండా ఉంటేనే. రుచి చూద్దామని మూడు తీసేసిన బాక్సు అంటే తెరిచిన బాక్సు, అంతే. ఎప్పుడో కెనెడీ సిగార్లు దాచుకున్న చెక్కపెట్టె 1996లో సోత్‌బీస్ వేలంలో 5,74,500 డాలర్లు పలికింది. ఆ కథ విని కొందరు ఊగిపోతారు. అక్కడ అమ్ముడుపోయింది కెనెడీ పేరు నాయనా, పొగాకు కాదు.

ఇక ఉంచుకోవడం. ఇక్కడ ఓపిక పట్టి చదవండి, పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. సిగారుకి కావాల్సింది 18 నుంచి 20 డిగ్రీల వేడి, 65 నుంచి 70 శాతం తేమ. మే నెలలో మనకి బయట 45, ఫ్యాను కింద 36. తేమ ఎంత కచ్చితంగా పెట్టినా ఆ వేడిలో పురుగు లేస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్ల ఎర్రగోధుమ పెంకుపురుగు అది. మిర్చి యార్డులో, పసుపు గోడౌన్లలో, మన పొగాకు బేళ్లలో కనబడేదీ, హవానా సిగారుని తొలిచేదీ ఒకటే జాతి. 30 డిగ్రీలు, 70 శాతం తేమ అంటే దానికి అత్తారింటి మర్యాద. పై ఆకు మీద గుండుసూదితో పొడిచినట్టు చిన్న బెజ్జం కనబడితే సిగారుని తెల్లకాగితం మీద నెమ్మదిగా తట్టండి. గోధుమరంగు పొడి రాలితే పని మొదలైందన్నమాట. బెజ్జాలున్నవి పారేయండి. మిగిలినవాటిని రెండు జిప్ కవర్లలో గాలి లేకుండా పెట్టి, ఒక రోజు ఫ్రిజ్‌లో, మూడు రోజులు డీప్ ఫ్రీజర్‌లో, మళ్లీ ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచి, ఆ తర్వాతే గదిలోకి తీయండి. నేరుగా ఫ్రీజర్‌లోంచి గదిలోకి తెస్తే పై ఆకు పగులుతుంది. కవరు మీద పెద్దక్షరాలతో రాసి పెట్టండి. లేకపోతే చేపల పొట్లం అనుకుని కరగబెడతారు.

ఇంట్లో ఫ్రిజ్‌లోనే శాశ్వతంగా పెడితే? వద్దు. ఫ్రిజ్ ఆకుని ఎండబెడుతుంది, నిన్నటి గోంగూర వాసన ఎక్కుతుంది. మిర్చి కోల్డ్ స్టోరేజిలో తెలిసినవాళ్లున్నారని ఒకాయన ఉత్సాహపడ్డాడు. ఆ సిగారు కాలిస్తే వీధంతా దగ్గుతుంది.

ఏళ్ల తరబడి ఉంచాలనుకుంటే వైన్ కూలర్ ఒకటి కొని 18 దగ్గర పెట్టండి. లోపల చెక్క అరలు, తేమ పొట్లాలు, తేమ కొలిచే మీటరు. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడవాలి. అంత ఖర్చు దండగ అనుకుంటే గాలి చొరబడని వంటింటి ప్లాస్టిక్ డబ్బా, కొత్తది, వాసన లేనిది చాలు. అందులో 65 అని రాసున్న, అంటే తేమని 65 శాతం దగ్గర నిలిపే బొవేడా కంపెనీ తేమ పొట్లం, సిగార్ బాక్సులోంచే తీసిన పల్చని దేవదారు రేకు వేసి, పగలంతా ఏసీ నడిచే గదిలో కింది అరలో ఉంచండి. ఇలాగైతే మార్చిలోపు కాల్చేయాలి. వేసవి దాటించే ధైర్యం నాకైతే లేదు.

మీటరు చెప్పేది నమ్మేముందు పరీక్ష చేయండి. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్ద అయ్యేటట్టు నాలుగు చుక్కల నీళ్లు వేసి, మీటరుతో పాటు బిగుతు మూత ఉన్న డబ్బాలో రాత్రంతా ఉంచండి. పొద్దున 75 చూపించాలి. 70 చూపిస్తే మీ మీటరు అయిదు తక్కువ చెబుతోందన్నమాట, ఆ తేడా గుర్తుపెట్టుకోండి.

మీటరు కంటే నా వేళ్లనే నేను ఎక్కువ నమ్ముతాను. ఆకు పదును, అంటే ఎంత తేమ పట్టిందో, చూసినట్టే సిగారు పదునూ చూడాలి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టుకుని కాలే చివర నుంచి నోటి చివర దాకా మెల్లగా నొక్కుతూ రండి. కొంచెం లొంగి మళ్లీ సర్దుకోవాలి. చెవి దగ్గర గలగలమంటే ఎండిపోయింది. నొక్కినచోట గుంట పడి అలాగే ఉండిపోతే నీరెక్కింది, శ్రావణ భాద్రపదాల్లో మనకి ఎక్కువ జరిగేది ఇదే. ఎండినదాన్ని తొందరపడి 72 పొట్లంలో పడేయకండి. లోపలి ఆకు ఒక్కసారి ఉబ్బి పై ఆకుని చీల్చేస్తుంది. ముందు 62లో కొన్ని వారాలు, తర్వాత 65లో. తెల్లటి బూజు పై ఆకు మీద మాత్రమే ఉంటే పొడిగుడ్డతో తుడిచి వేరుగా పెట్టి గమనించండి. కాలే చివర లోపలికి పాకినా, ఆకుపచ్చగా నీలంగా మారినా చెత్తబుట్టే. అది పాత సరుకు లక్షణమని ఎవరైనా గొప్పగా చెబితే నవ్వి ఊరుకోండి.

ఉంచితే రుచి పెరుగుతుందా? కొంతవరకు. చుట్టిన కొత్తలో ఉండే అమ్మోనియా ఘాటు పోతుంది, నికోటిన్ కాటు మెత్తబడుతుంది. ఘాటైనవి అయిదేళ్లు, పదేళ్లు ఆగితే బాగుంటాయి. తేలికపాటివి ఊరికే దాస్తే చప్పబడిపోతాయి. కాబట్టి బాక్సు ఉంటే ఏటా ఒకటి కాల్చి చూసుకుంటూ పోవడమే సరైన పద్ధతి. కూతురి పెళ్లికో మనవడు పుట్టినప్పటికో అని రెండు పక్కన పెట్టుకుంటే తప్పులేదు. మొత్తం బాక్సే అలా పెడితే పురుగు వాటా తీసుకుంటుంది.

కాల్చేవాళ్లకి. ప్రయాణం చేసి వచ్చినదాన్ని డబ్బాలో రెండు మూడు వారాలు స్థిమితపడనివ్వండి. భోజనం చేశాకే మొదలుపెట్టండి, ఖాళీ కడుపుతో తల తిరిగి వాంతి అవుతుంది. బహిరంగ ప్రదేశాల్లో 2008 అక్టోబరు 2 నుంచి నిషేధం ఉంది, ఇంట్లో పిల్లలున్నారు, కాబట్టి డాబా మీదే. డిసెంబరు, జనవరి సాయంత్రాలు దీనికి పుట్టినవి. నోటి వైపు టోపీలా అతికించిన ఆకు గీతకి పైనే కోయాలి, గీత దాటితే చుట్టు విప్పుకుంటుంది. కట్టర్ లేకపోతే కొత్త బ్లేడు చాలు, పళ్లతో కొరకొద్దు. అగ్గిపుల్లతోనో గ్యాస్ లైటర్‌తోనో వెలిగించండి, పెట్రోలు లైటర్ వాసన చివరిదాకా వదలదు. మంటని ఆకుకి తగలనివ్వకుండా కొంచెం దూరంలో పట్టి, సిగారుని తిప్పుతూ అంచంతా ఎర్రబడనివ్వాలి. నిమిషానికి ఒక దమ్ము, అంతకంటే ఎక్కువ లాగితే కాగి చేదెక్కుతుంది. పొగ లోపలికి మింగొద్దు. పక్కన పాలు చక్కెర లేని కాఫీ పెట్టుకోండి.

చివరి మూడో వంతులో చేదెక్కితే ఆపేయండి. వేలు పెట్టి కొన్నాం కదా అని వేళ్లు కాలేదాకా లాగక్కర్లేదు. నలిపి ఆర్పితే కంపు, వదిలేస్తే దానంతటదే ఆరిపోతుంది. పూర్తిగా ఆరాక ఆ ముక్కని నీళ్లలో తడిపి, కాగితంలో చుట్టి చెత్తలో వేయండి. పసిపిల్లలో వీధికుక్కలో నోట్లో పెట్టుకుంటే ఆ నికోటిన్ విషమే.