గర్భనిరోధక మాత్రలు, రొమ్ము క్యాన్సర్ భయం: మీ లెక్క మీరే చూసుకోవడం ఎలా

ఖమ్మంలో మాకు మెడికల్ షాపు ఉంది. ఫార్మసీ చదివి కౌంటర్‌లో నిలబడేది నేనే కాబట్టి, ఆడవాళ్లు ఇంకెవరినీ అడగలేనివి నన్ను అడుగుతారు. ఈ మధ్య ఎక్కువగా వింటున్నది ఇదే: "అక్కా, ఈ గోలీలు వేసుకుంటే రొమ్ము క్యాన్సర్ వస్తదంట గదా?" అవును అని ఊరుకుంటే రేపటి నుంచే మానేస్తారు. కాదు అంటే అబద్ధం చెప్పినట్టు. ముప్పు కొంత పెరిగే మాట నిజం. ఆ కొంత ఎంతో మీ వయసునుబట్టి, ఎన్నేళ్లు వాడారన్నదాన్నిబట్టి ఉంటుంది.

ముందు మీరు వాడుతున్నది ఏమిటో తెలుసుకోండి. స్ట్రిప్పు వెనక్కి తిప్పితే బ్రాండ్ పేరు కింద చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో మందు పేరు, మోతాదు ఉంటాయి. కంటికి ఆనకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుని చూడండి. షాపువాళ్లు కత్తిరించి ఇస్తుంటే పేరున్న ముక్కే అడగండి. ఎథినైల్ ఎస్ట్రాడియోల్ (ఇది ఈస్ట్రోజన్ రకం హార్మోన్) అని ఉండి, దాని పక్కన లెవోనార్జెస్ట్రెల్, డెసోజెస్ట్రెల్, డ్రోస్పిరెనోన్, సైప్రోటెరోన్ లాంటి ఇంకో పేరు ఉంటే అది రెండు హార్మోన్ల మాత్ర. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ ఇదే రకం. అందులోని 28 మాత్రల్లో 21 హార్మోన్‌వి, మిగతా 7 ఐరన్‌వి. మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్‌లో, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్‌లో ఈస్ట్రోజన్ లేకుండా ఒకటే హార్మోన్ ఉంటుంది. కాపర్-టీలో హార్మోనే లేదు. ఛాయ మాత్ర వేరే జాతి. అది లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసిన ఆర్మెలాక్సిఫీన్, స్టెరాయిడ్ హార్మోన్ కాదు. కాబట్టి కింది లెక్కలు కాపర్-టీకి, ఛాయకు వర్తించవు.

మన రెండు రాష్ట్రాల్లో పిల్లలు చాలనుకోగానే ఆపరేషన్ చేయించుకోవడమే మామూలు. అందుకే నా దగ్గర ఈ మాత్రలు కొనేవాళ్లలో పీసీఓడీకి, అంటే హార్మోన్ల తేడాతో నెలసరి గాడి తప్పే సమస్యకు, డాక్టర్ రాసిచ్చిన కాలేజీ అమ్మాయిలే ఎక్కువ. తాము వేసుకునేది గర్భనిరోధక మాత్రేనని వాళ్లలో చాలామందికి తెలియదు. దేనికోసం వాడినా లోపలి మందు అదే, లెక్కా అదే. పూజకో పెళ్లికో డేట్ వాయిదా వేసుకోవడానికి నాలుగైదు రోజులు వాడే నార్ఎథిస్టిరోన్‌ను మాత్రం ఏళ్ల తరబడి వాడే మాత్రతో ఒకే గాటన కట్టకండి. దానితో చూసుకోవలసింది వేరు. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా దాన్ని ముట్టుకోకూడదు.

ఇక అసలు లెక్క. 2017లో డెన్మార్క్‌లో సుమారు 18 లక్షల మంది ఆడవాళ్ల రికార్డులు పరిశీలించి, హార్మోన్ గర్భనిరోధకాలు వాడుతున్నవాళ్లలో, ఈమధ్యే మానినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ ముప్పు 20 శాతం ఎక్కువని తేల్చారు. 20 శాతం అనగానే నూటికి ఇరవై మందికి వస్తుందనుకుని హడలిపోతారు. అది కాదు. నేను బిల్లు కాగితం వెనక ఇలా రాసి చూపిస్తాను: హార్మోన్ వాడని లక్ష మందిలో ఏడాదికి 55 మందికి వచ్చింది, వాడిన లక్ష మందిలో 68 మందికి. అంటే లక్షకు 13 మంది ఎక్కువ. 35 ఏళ్లలోపు వాళ్లను విడిగా చూస్తే ఆ తేడా లక్షకు 2. అంకెలు ఇలా పక్కపక్కన పెట్టాక అడిగినవాళ్ల ముఖంలో బిగువు సడలుతుంది. పైగా మన దేశంలో రొమ్ము క్యాన్సర్ రేటే డెన్మార్క్ కంటే తక్కువ.

వయసు ఎంత తేడా తెస్తుందో 2023లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు వేసిన అంచనా చూడండి. 16 నుంచి 20 ఏళ్ల మధ్య ఐదేళ్లు మాత్రలు వాడితే, ఆ మొదలుపెట్టినప్పటి నుంచి 15 ఏళ్లలో లక్షకు 8 మంది అదనం. అదే ఐదేళ్లు 35 నుంచి 39 మధ్య వాడితే 265 మంది. ఇది ధనిక దేశాల లెక్కే అనుకోండి, కానీ రెండు అంకెల మధ్య దూరం చూడండి. ఒకటే హార్మోన్ ఉన్న మాత్రకు, ఇంజెక్షన్‌కు, లూప్‌కు కూడా ముప్పు 20-30 శాతం దాకా పెరుగుతుందని ఈ పరిశోధనే తేల్చింది. కాబట్టి "ఈస్ట్రోజన్ లేదు, భయం లేదు" అన్న మాట నమ్మకండి. ఎక్కువ ఏళ్లు వాడితే ముప్పూ ఎక్కువ. డెన్మార్క్ లెక్కలో పదేళ్లు దాటినవాళ్లకు అది 38 శాతం. మానేశాక మెల్లగా తగ్గుతుంది. 1996లో 54 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, మానిన పదేళ్ల తర్వాత తేడా కనిపించలేదు.

రెండో వైపు కూడా చూడాలి. ఈ రెండు హార్మోన్ల మాత్రే అండాశయ క్యాన్సర్‌ను, గర్భసంచి లోపలి పొర క్యాన్సర్‌ను తగ్గిస్తుంది, మానేశాక కూడా ఆ రక్షణ ఏళ్ల తరబడి ఉంటుంది. నెలసరి సరిగా రాని పీసీఓడీ అమ్మాయిలకు ఇది చిన్న మేలు కాదు. ఐదేళ్లకు మించి వాడితే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు కొంత పెరుగుతుంది, కాబట్టి ఆ పరీక్ష వాయిదా వేయకండి.

డాక్టర్ దగ్గరకు వెళ్లేముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి. మీ వయసు. మధ్యలో మానినవి తీసేసి మొత్తం ఎన్నేళ్లు వాడారు. అమ్మకు, అక్కచెల్లెళ్లకు, పిన్నికి, మేనత్తకు, నానమ్మకు రొమ్ము క్యాన్సర్‌గానీ అండాశయ క్యాన్సర్‌గానీ వచ్చిందా, వస్తే ఏ వయసులో. నాన్న వైపు వాళ్లను చాలామంది వదిలేస్తారు, వదలకండి. ఇంట్లో ఒకరికి వచ్చినంత మాత్రాన మాత్ర నిషేధం కాదు. చిన్న వయసులో ఇద్దరు ముగ్గురికి వస్తే మాత్రం జన్యు పరీక్ష గురించి అడగాలి. మీకే ఇప్పుడు రొమ్ము క్యాన్సర్ ఉంటే, గతంలో వచ్చి తగ్గినా సరే, హార్మోన్ వద్దు. ఇంకా ఇవి చెప్పండి: బీపీ, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, కళ్ల ముందు మెరుపులతో మొదలయ్యే తలనొప్పి, పొగతాగే అలవాటు, పాలు తాగే బిడ్డకు ఆరు నెలలు నిండాయా లేదా. పాతికేళ్ల అమ్మాయికి క్యాన్సర్ కంటే ముందు చూడాల్సినవి ఇవే. బీపీ చూపించుకోకుండా నేరుగా షాపుకొచ్చి అడిగితే నేను ఇవ్వను, వెనక్కి పంపుతాను.

భయపడి స్ట్రిప్పు మధ్యలో ఆపకండి. మధ్యలో ఆపితే రక్తస్రావం కావచ్చు, గర్భం రావచ్చు. మానాలనుకుంటే ఈ స్ట్రిప్పు పూర్తిచేసి, తర్వాత ఏం వాడాలో ముందే ఖాయం చేసుకోండి. పీసీఓడీకి వాడేవాళ్లు రాసిచ్చిన డాక్టర్‌తో మాట్లాడాకే ఆపండి.

మాత్ర వాడినా వాడకపోయినా రొమ్ములు ఎలా ఉంటాయో మీ చేతికి తెలిసి ఉండాలి. నెలసరి మొదలైన 7 నుంచి 10 రోజుల మధ్య, వాపు తగ్గి మెత్తగా ఉన్నప్పుడు చూసుకోండి. మూడు వేళ్ల మెత్తటి భాగంతో రొమ్మంతా, చంక దాకా తడమండి. కొత్త గడ్డ, చర్మం సొట్టపడటం, చనుమొన లోపలికి పోవడం, రక్తం కారడం కనిపిస్తే ఆ వారంలోనే చూపించుకోండి. నొప్పి లేదు కదా అని ఆగొద్దు, మొదట్లో చాలావరకు నొప్పి ఉండదు. మాత్రలు వాడుతుంటే ఆ సంగతి చెప్పండి. 30 దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఐదేళ్లకోసారి రొమ్ము పరీక్ష ఉచితంగా చేస్తారు, ఆశా కార్యకర్తను అడిగితే ఏ రోజు రావాలో చెబుతుంది.

35 దాటి, పిల్లలు చాలనుకున్నవాళ్లకు నేనిచ్చే సలహా హార్మోన్ లేని దారి చూసుకోమనే. కాపర్-టీ 380ఏ పదేళ్లు పనిచేస్తుంది, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. మొదటి నెలల్లో బ్లీడింగ్, కడుపునొప్పి ఎక్కువగా ఉండొచ్చు కాబట్టి రక్తహీనత ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. ఇంట్లో మాట్లాడుకోగలిగితే మగవాళ్ల ఆపరేషన్ అన్నిటికన్నా తేలిక. కుట్టు కూడా పడదు, ఆ రోజే ఇంటికి వచ్చేయొచ్చు. ఆ తర్వాత మూడు నెలల పాటు కండోమ్ వాడి, వీర్య పరీక్షలో కణాలు లేవని తేలాకే ఆపాలి.