డిస్క్ అరిగిన నడుము: లక్షణాన్ని బట్టి కారణం, కారణాన్ని బట్టి వైద్యం

ఎమ్మారై రిపోర్టులో "డిస్క్ డీజనరేషన్", అంటే వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కుల అరుగుదల, అని కనబడగానే చాలామంది అడిగే మొదటి ప్రశ్న, "ఆపరేషన్ తప్పదా?" అని. దానికి జవాబు రిపోర్టులో దొరకదు. నొప్పి ఎక్కడ మొదలవుతోంది, ఎక్కడిదాకా పాకుతోంది, ఏం చేస్తే పెరుగుతోంది, ఏం చేస్తే తగ్గుతోంది అన్నవాటిలో దొరుకుతుంది. ఒకే స్కాన్ ఉన్న ఇద్దరికి రెండు వేర్వేరు వైద్యాలు సరైనవి కావచ్చు, ఒకరికి ఏ వైద్యమూ అక్కర్లేకపోవచ్చు. అందుకే ఇక్కడ లక్షణం నుంచి మొదలుపెడుతున్నాను. మీ బాధకు దగ్గరగా ఉన్న భాగానికి నేరుగా వెళ్లిపోవచ్చు, కానీ దీని తర్వాతి భాగం మాత్రం అందరూ చదవండి.

ముందుగా: ఒక్క రోజు కూడా ఆగకూడనివి

మల, మూత్ర ద్వారాల చుట్టూ, తొడల లోపలివైపు, అంటే సైకిల్ సీటు తగిలే చోట స్పర్శ మొద్దుబారడం. మూత్రం వస్తున్నట్టే ఉండి రాకపోవడం, లేదా తెలియకుండానే పోవడం. విరేచనం మీద అదుపు తప్పడం. రెండు కాళ్లలోనూ బలం తగ్గిపోవడం. వీటిలో ఏది కొత్తగా మొదలైనా వెన్ను అడుగున ఉండే నరాల కట్ట నలుగుతూ ఉండవచ్చు. దీన్ని కాడా ఈక్వైనా సిండ్రోమ్ అంటారు. అపాయింట్‌మెంటు కోసం చూడొద్దు, ఎమర్జెన్సీకి వెళ్లండి. ఆలస్యమైతే పోయిన అదుపు తిరిగి రాకపోవచ్చు.

పాదం పైకి లేవక నేలకు ఈడుస్తున్నట్టయితే అదీ వెంటనే చూపించుకోవాల్సిందే. నడుము నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్, పెద్ద వయసులో పడిపోవడం లాంటివి ఉంటే అది డిస్క్ సంగతి కాకపోవచ్చు. మెడ డిస్కులు అరిగినవారికి చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతున్నా, నడకలో తూలుతున్నా వెన్నుపాము ఒత్తుకుంటోందేమో చూడాలి. నొప్పి లేదు కదా అని దాన్ని వదిలేయకండి.

రిపోర్టు నిండా భయం, ఒంట్లో మాత్రం నొప్పి తక్కువ

ఎదిగిన మనిషి డిస్కు లోపలికి రక్తనాళాలు వెళ్లవు. పైనా కిందా ఉన్న వెన్నుపూసల పలకల గుండా ఊరే పోషకాలతోనే అది బతుకుతుంది. వయసుతో ఆ ఊట తగ్గి, నడిమి గుజ్జులో నీరు తగ్గుతుంది. నీరు తగ్గిన డిస్కు ఎమ్మారైలో నల్లగా కనబడుతుంది. రిపోర్టులో "డెసికేషన్" అంటే ఇదే. "బల్జ్" అంటే డిస్కు చుట్టూ కొంచెం ఉబ్బడం. "ప్రొట్రూజన్", "ఎక్స్‌ట్రూజన్" అంటే ఒకచోట పొడుచుకు రావడం.

నొప్పి అసలే లేనివాళ్ల స్కాన్లను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2015లో వచ్చింది. అందులో 3,110 మంది ఉన్నారు. ఇరవై ఏళ్ల వయసు వాళ్లలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్ల వాళ్లలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల కనబడింది. వీళ్లెవరికీ నడుము నొప్పి లేదు. ఫిన్లాండ్‌లో కవలల మీద ఏళ్ల తరబడి జరిగిన అధ్యయనంలో, చేసే పని కంటే వంశపారంపర్యమే అరుగుదలను ఎక్కువగా నిర్ణయిస్తుందని తేలింది. "నేను బరువులు ఎత్తబట్టే ఇలా అయింది" అని తమను తాము నిందించుకుంటున్న వాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

ఏం చేయాలి: డాక్టరును ఒకే ఒక్క ప్రశ్న అడగండి. "నా నొప్పికీ ఈ బొమ్మకీ పొత్తు కుదురుతోందా?" నొప్పి ఎడమ కాలిలో, డిస్కు ఉబ్బింది కుడివైపు అయితే కుదరనట్టే. అలాంటప్పుడు ఆ ఉబ్బుకు వైద్యం చేసి లాభం లేదు.

పొద్దున లేవగానే నడుము బిగుసుకుపోతోంది

రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున మనం రాత్రి కంటే కాస్త పొడుగ్గా ఉండేది అందుకే. అలా బిగువుగా ఉన్న డిస్కు మీద వంగితే వెనకవైపు పొరల మీద పడే లాగుడు మధ్యాహ్నం కంటే చాలా ఎక్కువ. లేచి తిరుగుతుంటే ఆ అదనపు నీరు మెల్లగా దిగిపోతుంది.

ఏం చేయాలి: లేచాక మొదటి గంట, రెండు గంటలు నడుము వంచడం మానండి. ఈ ఒక్క అలవాటుతోనే దీర్ఘకాలిక నొప్పి తగ్గిందని 1998లో ప్రచురించిన ఒక పరీక్ష చూపించింది. వినడానికి తేలికే గానీ పొద్దుటి పనులన్నీ వంగే పనులే. మంచం దిగేటప్పుడు నేరుగా లేచి కూర్చోకండి. మోకాళ్లు మడిచి, భుజం, తుంటి ఒకేసారి కదిలేలా పక్కకు తిరగండి. పాదాలు మంచం అంచు దాటించి, మోచేత్తో నొక్కుతూ లేవండి. కాళ్ల బరువే ఒంటిని సగం లేపుతుంది. పళ్లు తోముకుని ఉమ్మేసేటప్పుడు చాలామందికి కలుక్కుమంటుంది. అక్కడ ఒక చెయ్యి సింకు అంచున ఆనించి, మోకాళ్లు కొద్దిగా వంచి, తుంటి దగ్గర నుంచి ముందుకు వాలండి. మేజోళ్లు కూర్చుని, కాలు మీద కాలు వేసుకుని తొడుక్కోండి.

ఒక తేడా గుర్తుపెట్టుకోండి. బిగుసుదనం అరగంటకు మించి ఉంటూ, విశ్రాంతితో పెరిగి కదిలితే తగ్గుతూ, నలభై అయిదేళ్ల లోపే మొదలై ఉంటే అది వాతానికి సంబంధించిన యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ కావచ్చు. దాని మందులు వేరు. రుమటాలజిస్టును కలవండి.

కూర్చుంటే నొప్పి, నాలుగడుగులు వేస్తే నయం

ఇది డిస్కు నొప్పికి బాగా దగ్గరైన లక్షణం. డిస్కు బయటి పొరల్లో నరాలుంటాయి, ముందుకు వంగి కూర్చున్నప్పుడు వాటి మీద ఒత్తిడి పెరుగుతుంది. స్వీడన్ సర్జన్ ఆల్ఫ్ నాకెమ్సన్ 1960లలో డిస్కులోకి సూది పంపి ఒత్తిడి కొలిచి, నిలబడినప్పటి కంటే కూర్చున్నప్పుడు ఎక్కువని చెప్పారు. జర్మనీలో జరిగి 1999లో వెలువడిన కొలతల్లో ఇంకో సంగతి బయటపడింది. వెనక్కి చేరగిలబడి కూర్చుంటే ఒత్తిడి నిలబడినప్పటి కంటే తక్కువే, ముందుకు వంగి కూర్చుంటేనే ఎక్కువ. కాబట్టి కర్రలా నిటారుగా కూర్చోవాలని తంటాలు పడక్కర్లేదు. కుర్చీకి ఆనుకోండి, అరగంటకోసారి లేవండి, ఫోను, కంప్యూటరు తెర కళ్ల ఎత్తుకు తెచ్చుకోండి.

ఇక వ్యాయామం. ఏది మంచిదని అందరూ అడుగుతారు. ఒకటి మిగతా అన్నిటికంటే మేలని ఎవరూ నిరూపించలేకపోయారు. మీరు ఆపకుండా చేసేదే మీకు మంచిది. నాకు మాత్రం నడక మీద నమ్మకం ఎక్కువ, దానికి ఆధారమూ ఉంది. ఆస్ట్రేలియాలో 701 మందితో చేసి 2024లో ప్రచురించిన పరీక్షలో, నడుము నొప్పి నుంచి తేరుకున్న వాళ్లకు ఫిజియోథెరపిస్టు సాయంతో మెల్లగా పెంచుకుంటూ వెళ్లే నడకను అలవాటు చేశారు. నడవని వాళ్లకు నొప్పి తిరగబెట్టడానికి సగటున 112 రోజులు పడితే, నడిచిన వాళ్లకు 208 రోజులు పట్టింది. ఆరు నెలల్లో రోజుకు అరగంట, వారానికి ఐదుసార్లకు చేరడం వాళ్ల లక్ష్యం. మొదటి వారమే అరగంట నడవమని కాదు. నొప్పి పెరగకుండా ఎంత నడవగలిగితే అంతతోనే మొదలుపెట్టండి.

నడిచాక కొంచెం నొప్పి పెరిగి మర్నాటికి తగ్గిపోతే ఫర్వాలేదు. మర్నాడూ అలాగే ఉంటే మోతాదు తగ్గించండి, అంతేగాని మానేయొద్దు.

నడుముబెల్టు కాసేపు ధైర్యమిస్తుంది, నయం చేయదు. పారాసెటమాల్ ఒక్కటే వేసుకుంటే నడుము నొప్పికి పెద్దగా పనిచేయదని 2014లో వచ్చిన పెద్ద పరీక్షలో తేలింది. వాపు తగ్గించే నొప్పిమాత్రలు కొంత మేలు, కానీ కడుపులో పుండు, కిడ్నీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా వాడకూడదు.

ఉన్నట్టుండి పట్టేసింది, కదల్లేకపోతున్నాను

ఇలాంటి విజృంభణలు వస్తాయి, పోతాయి. డిస్కు కొత్తగా దెబ్బతిన్నట్టే అనుకోనక్కర్లేదు, ప్రతిసారీ స్కాన్ అక్కర్లేదు. ఒకటి రెండు రోజులకు మించి మంచం పట్టకండి, అంతకు మించితే కండరాలు బలహీనపడి తేరుకోవడం ఆలస్యమవుతుంది. వెల్లకిలా పడుకుని కాళ్లు మోకాళ్ల దగ్గర మడిచి కుర్చీ మీద పెట్టుకుంటే చాలామందికి హాయిగా ఉంటుంది. వేడి కాపడం పెట్టండి. గంటకోసారి లేచి గదిలోనే నాలుగడుగులు వేయండి.

కాస్త దూరం నడవగానే కాళ్లు బరువెక్కుతున్నాయి, వంగితే హాయి

కారణం చాలావరకు వెన్ను కాలువ ఇరుకవడం, అంటే స్టెనోసిస్. డిస్కు ఎత్తు తగ్గి, వెనక కీళ్లు, లిగమెంట్లు మందమై నరాలకు చోటు తగ్గుతుంది. ముందుకు వంగితే కాలువ కొంచెం తెరుచుకుంటుంది. అందుకే సైకిల్ తొక్కగలరు, నడవలేరు. కాళ్ల రక్తనాళాలు పూడుకుపోయినా ఇలాగే నొప్పి వస్తుంది, కానీ అప్పుడు వంగక్కర్లేకుండా ఊరికే నిలబడితేనే తగ్గిపోతుంది. పొగతాగేవాళ్లు, షుగరున్నవాళ్లు పాదాల నాడి కూడా చూపించుకోవాలి. స్టెనోసిస్‌కు స్థిర సైకిల్, వంగే తరహా వ్యాయామాలు నప్పుతాయి. నడవగలిగే దూరం రోజురోజుకీ తగ్గిపోతుంటే నరాలకు చోటిచ్చే డీకంప్రెషన్ ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు.

నడుము కంటే కాలు ఎక్కువ గుంజుతోంది

ఇక్కడ మాటే వేరు. పిర్ర నుంచి మోకాలు దాటి పాదం దాకా కరెంటు కొట్టినట్టు దిగే నొప్పి నరానిది, అదే సయాటికా. పొడుచుకొచ్చిన డిస్కు నరాన్ని ఒత్తడమే కాదు, అందులోంచి వచ్చే రసాయనాలు నరాన్ని వాపెక్కిస్తాయి. ఏ నరమో ఇంట్లోనే ఒక అంచనాకు రావచ్చు. మడమల మీద నాలుగడుగులు నడవండి. ఒక పాదం ముందుభాగం లేవకపోయినా, బొటనవేలు పైకి ఎత్తలేకపోయినా ఎల్5 నరం, అంటే నడుము దగ్గర బయటికొచ్చే అయిదో నరం. ఒంటి కాలి మీద నిలబడి మడమ పదిసార్లు ఎత్తండి. ఒకవైపు ఎత్తలేకపోతే ఎస్1, అంటే దాని కిందుండే నరం. వారానికోసారి ఇలా చూసుకుంటే బలం తగ్గుతోందో లేదో తెలుస్తుంది. నొప్పి కంటే ఈ బలమే ముఖ్యం. నొప్పి తగ్గి బలమూ తగ్గుతుంటే నయమవుతోందని అనుకోవద్దు, నరం చచ్చుబడుతూ ఉండవచ్చు.

బలం బాగుంటే తొందరపడక్కర్లేదు. బయటికొచ్చిన డిస్కు ముక్కను ఒళ్లే మెల్లగా కరిగించుకుంటుంది. అందులోనూ స్కాన్‌లో పెద్దగా, భయంకరంగా కనబడే ముక్కలే ఎక్కువగా కుదించుకుపోతాయి. చాలామందికి 6 నుంచి 12 వారాల్లో తేడా కనబడుతుంది. నరాల నొప్పికి రాసే ప్రీగాబలిన్ సయాటికాలో ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేయలేదని 2017 పరీక్షలో తేలింది, కళ్లు తిరగడం మాత్రం ఎక్కువైంది. అది వాడుతున్నవాళ్లు మీకు మీరే ఆపేయకండి, డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గించుకోవాలి. వెన్ను కాలువలో నరాల పక్కన ఇచ్చే ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ ఇంజెక్షన్ కాలి నొప్పికి కొన్ని వారాలు ఉపశమనం ఇవ్వగలదు. ఒట్టి నడుము నొప్పికి దానివల్ల ఒరిగేది తక్కువ.

ఆపరేషన్ సంగతికొస్తే, నెదర్లాండ్స్‌లో తీవ్రమైన సయాటికా ఉన్న 283 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు త్వరగా మైక్రోడిస్కెక్టమీ, అంటే నరాన్ని ఒత్తుతున్న డిస్కు ముక్కను చిన్న కోతతో తీసేసే ఆపరేషన్, చేశారు, రెండో జట్టును ఆగమన్నారు. 2007లో ఫలితాలు వచ్చాయి. చేయించుకున్నవాళ్లకు నొప్పి త్వరగా తగ్గింది, ఏడాది తిరిగేసరికి రెండు జట్లూ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. ఆగమన్నవాళ్లలో 39 శాతం మంది ఆ ఏడాదిలోనే ఆపరేషన్‌కు వెళ్లారు. అంటే ఇక్కడ నిర్ణయం మీ ఓర్పు మీద, మీ జీవనం మీద ఆధారపడుతుంది. నిద్ర లేక, పనికి పోలేక నలిగిపోతున్నవాళ్లు చేయించుకోవడం బలహీనత కాదు. భరించగలిగినవాళ్లు ఆగడం మొండితనమూ కాదు.

అన్నీ చేశాను, నడుము నొప్పి అలాగే ఉంది. ఫ్యూజన్ చేయించుకోనా?

కాలి నొప్పి లేకుండా అరిగిన డిస్కు ఉన్న నడుము నొప్పికి రెండు పూసల్ని కలిపి బిగించేసే ఆపరేషన్ ఇది. దీని మీదే నాకు చాలా పట్టుదల ఉంది, ఎందుకంటే ఇది వెనక్కి తీసుకోలేనిది. 2001లో వచ్చిన స్వీడన్ పరీక్షలో ఫ్యూజన్ జట్టుకు రెండేళ్లలో నొప్పి 33 శాతం తగ్గితే, మామూలు ఫిజియోథెరపీ జట్టుకు 7 శాతమే తగ్గింది. ఫ్యూజన్ గెలిచినట్టే అనిపిస్తుంది. కానీ నార్వేలో 2003లో, బ్రిటన్‌లో 2005లో వచ్చిన పరీక్షల్లో ఫ్యూజన్‌ను మామూలు ఫిజియోతో కాకుండా గట్టి పునరావాస శిక్షణతో పోల్చారు. అందులో వ్యాయామంతో పాటు "కదిలితే పాడైపోతాను" అన్న భయాన్ని పోగొట్టే కౌన్సెలింగ్ కూడా ఉంది. అప్పుడు తేడా దాదాపు లేకుండా పోయింది. కాబట్టి "ఫిజియో చేశాను, పనిచేయలేదు" అనే ముందు ఏ ఫిజియో చేశారో చూసుకోండి. పడుకోబెట్టి కరెంటు ప్యాడ్లు పెట్టి పంపిస్తే అది వ్యాయామం కిందికి రాదు.

కృత్రిమ డిస్కు ఇంకో దారి. అమెరికాలో నడుముకు మొదటిదానికి 2004లో అనుమతి వచ్చింది. కదలిక మిగులుతుంది, కానీ వెనక కీళ్లు కూడా అరిగినవాళ్లకూ, ఎముక గుల్లబారినవాళ్లకూ నప్పదు. డిస్కులోకి మూలకణాలు, ప్లేట్‌లెట్ల ఇంజెక్షన్లు ఇస్తామనే చోట్ల జాగ్రత్త. అరిగిన డిస్కు తిరిగి మొలుస్తుందని ఇంతవరకు ఎవరూ రుజువు చేయలేదు.

సర్జన్‌ను కలిసేటప్పుడు ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్లండి. నా నొప్పి ఈ డిస్కు నుంచే అని దేన్నిబట్టి చెబుతున్నారు? నాలాంటి కేసుల్లో నొప్పి పూర్తిగా పోతుందా, సగం తగ్గుతుందా? ఆరు నెలలు ఆగితే నాకు జరిగే నష్టమేమిటి? పై పూస, కింది పూస మీద భారం పెరిగి మళ్లీ ఆపరేషన్ కావాల్సి వచ్చే అవకాశమెంత? మీరు సిగరెట్ తాగుతుంటే దాని గురించీ దాచకుండా చెప్పండి, పొగ వల్ల ఎముక అతుక్కోవడం దెబ్బతింటుంది, ఆపరేషన్‌కు ముందే మానేయమంటారు. ఈ ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పని చోట సంతకం పెట్టకండి, ఇంకో సర్జన్ అభిప్రాయం తీసుకోండి. పాదం బలం తగ్గనంతకాలం, మూత్రం మీద అదుపు బాగున్నంతకాలం ఆ రెండో అభిప్రాయానికి కావలసినంత వ్యవధి ఉంటుంది.