నీటి ఆల్కలినిటీ ఎలా కొలవాలి?

పీహెచ్ 8 చూపిస్తే ఆల్కలినిటీ కూడా బాగానే ఉందనుకుంటారు చాలామంది. కానీ ఈ రెండూ ఒకటి కాదు. నీరు ఇప్పుడు ఎంత ఆమ్లంగా లేదా క్షారంగా ఉందో పీహెచ్ చెబుతుంది. అందులో ఆమ్లం పడితే ఎంతవరకు తట్టుకుంటుందో ఆల్కలినిటీ చెబుతుంది. ఈ శక్తి ముఖ్యంగా బైకార్బొనేట్లు, కార్బొనేట్లు, హైడ్రాక్సైడ్ల నుంచి వస్తుంది. అది తక్కువగా ఉన్న చేపల చెరువులో పొద్దున్న ఒక పీహెచ్, మధ్యాహ్నం ఇంకో పీహెచ్ కనిపిస్తాయి.

ముందు శాంపిల్. సీసాను అంచుదాకా నింపి, గాలి లేకుండా మూత బిగించండి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసినా, నీటిలోది బయటికి పోయినా పీహెచ్ మారుతుంది, మొదటి రీడింగ్ తప్పుతుంది. నీటిని వడకట్టకండి, వీలైనంత త్వరగా పరీక్షించండి. క్లోరిన్ ఉన్న నీరైతే ఇండికేటర్ (పీహెచ్‌ను బట్టి రంగు మారే ద్రావణం) రంగు వెలిసిపోతుంది. ఒక చుక్క సోడియం థయోసల్ఫేట్ ద్రావణం వేస్తే సరి.

కోనికల్ ఫ్లాస్క్‌లో 100 మి.లీ. నీరు తీసుకోండి. బ్యూరెట్‌లో, అంటే కింద కుళాయి ఉన్న కొలత గొట్టంలో, 0.02 నార్మల్ (గాఢత కొలమానం) సల్ఫ్యూరిక్ ఆమ్లం నింపండి. కళ్లద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి. ఇంత పలుచని ఆమ్లం తయారుగా దొరుకుతుంది, గాఢమైనదాన్ని సొంతంగా కలపకపోవడమే మేలు.

నీటిలో రెండు చుక్కలు ఫినాఫ్తలీన్ అనే ఇండికేటర్ వేయండి. గులాబీ రంగు వస్తే, అది పోయేదాకా ఆమ్లాన్ని చుక్కచుక్కగా వదలండి. అక్కడ పీహెచ్ సుమారు 8.3. ఆ రీడింగ్ రాసుకోండి. రంగే రాకపోతే ఈ రీడింగ్ సున్నా.

అదే ఫ్లాస్క్‌లో ఇప్పుడు రెండు మూడు చుక్కలు మిథైల్ ఆరెంజ్ అనే ఇంకో ఇండికేటర్ వేసి, బ్యూరెట్‌ను మళ్లీ నింపకుండా కొనసాగించండి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. పసుపు నారింజలోకి తిరగగానే ఆపాలి, ఎర్రబడిందంటే దాటిపోయినట్టే. ఆమ్లం కలపని, అదే ఇండికేటర్ వేసిన ఇంకో ఫ్లాస్క్‌ను పక్కన తెల్ల కాగితం మీద పెట్టుకుంటే ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. నా మాట వినండి, ఒకే నీటికి మూడుసార్లు చేసి సరిచూసుకోండి.

లెక్క తేలికే. ఈ కొలతల్లో ప్రతి మి.లీ. ఆమ్లానికి లీటరుకు 10 మి.గ్రా. ఆల్కలినిటీ, కాల్షియం కార్బొనేట్ రూపంలో. మొదటి రీడింగ్ 2, మొదటి నుంచి చివరిదాకా పట్టిన ఆమ్లం మొత్తం 14 మి.లీ. అనుకుందాం. మొత్తం ఆల్కలినిటీ 140. మొదటిది మొత్తంలో సగం కన్నా తక్కువ కాబట్టి, దాని 20కి రెట్టింపు, అంటే 40 కార్బొనేట్ల వాటా. మిగిలిన 100 బైకార్బొనేట్లది. మొదటి రీడింగ్ సున్నా అయితే దాదాపు అంతా బైకార్బొనేటే.

ల్యాబ్ సామాను లేనివాళ్లకు చుక్కలు లెక్కపెట్టే టెస్ట్ కిట్లు ఉన్నాయి. ఈత కొలనులో ఆల్కలినిటీ సాధారణంగా లీటరుకు 80 నుంచి 120 మి.గ్రా. మధ్య ఉండేలా చూసుకుంటారు. ఆ పనికి కిట్ చాలు.