వైర్‌మన్ పరీక్షకి వెళ్లే ముందు ఇవి చూస్కోండి

హాల్‌టికెట్, ఆధార్ ఒరిజినల్ రాత్రే బ్యాగులో పెట్టేయండి, పొద్దున వెతుక్కుంటూ కూర్చుంటే ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు, మెట్రో దొరికితే మెట్రోనే బెటర్.

ప్రాక్టికల్ ఉంటే కాటన్ బట్టలు, రబ్బర్ సోల్ బూట్లు వేస్కోండి. ఉంగరం, కడియం, మెడలో చైన్ తీసేయండి, అది స్టైల్ చూపించే టైం కాదు భాయ్.

టూల్స్ ముందురోజే చెక్ చేయండి. కటింగ్ ప్లేయర్ పిడికి ఇన్సులేషన్ చిరిగిందా, టెస్టర్ వెలుగుతుందా (వెలగలేదని సప్లై లేదనుకోవద్దు, టెస్టరే పోయుండొచ్చు, ముందు లైవ్ ఉన్న సాకెట్‌లో పెట్టి చూడండి). పాడైతే హైదరాబాద్‌లో ఎలక్ట్రికల్ సామాన్లు దొరికే ట్రూప్ బజార్ వెళ్లి కొత్తది తెచ్చుకోండి, ఎక్కువ ఖర్చేం కాదు.

ఇంట్లో ప్రాక్టీస్ చేసేటప్పుడు మెయిన్ ఆఫ్ చేయకుండా చేయి పెట్టొద్దు, 230 వోల్టులు మీరు స్టూడెంటా మేస్త్రీనా అని అడగదు. ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) దగ్గర "పని జరుగుతోంది" అని చీటీ అంటించండి, లేకపోతే ఫ్యాన్ తిరగట్లేదని ఎవరో ఒకరు ఆన్ చేసేస్తారు.

చాలామంది తప్పేది మెట్ల వైరింగ్‌లోనే (ఒకే లైట్‌ని కింద నుంచీ పై నుంచీ వేసి ఆపేది), రెండు టూ-వే స్విచ్‌లు, ఫేజ్ ఒకదాని కామన్ టెర్మినల్‌కి, రెండు స్విచ్‌ల మిగతా టెర్మినల్స్ ఒకదానికొకటి, రెండోదాని కామన్ నుంచి బల్బుకి, న్యూట్రల్ నేరుగా బల్బుకి. స్విచ్ ఎప్పుడూ ఫేజ్‌లోనే, న్యూట్రల్‌లో పెడితే లైట్ ఆఫైనా హోల్డర్‌లో కరెంట్ ఉంటుంది.

మెగ్గర్ (వైర్ల ఇన్సులేషన్ చెక్ చేసే మీటర్) పెట్టే ముందు సప్లై తీసేయండి, బల్బులు కూడా విప్పేయండి. ఆర్సీసీబీ (కరెంట్ లీకైతే సప్లై ఆపేసే స్విచ్) 30 మిల్లీఆంప్స్ ఎందుకో కూడా చదివి వెళ్లండి, వైవాలో అడుగుతుంటారు.

రాత్రి మాత్రం పడుకోండి.