విశాఖ ఉప్పుగాలికి తట్టుకున్న రెయిలింగ్

విశాఖ బీచ్‌కి ఎదురుగా ఉన్న మా బాల్కనీ స్టీల్ రెయిలింగ్‌పై తుప్పు చుక్కలు లేచాయి, వెల్డింగ్ దగ్గర మరీ ఎక్కువగా. అది 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీల్. స్టీల్‌ను కాపాడే సన్నని క్రోమియం ఆక్సైడ్ పొరను ఉప్పుగాలిలోని క్లోరైడ్ అక్కడక్కడా తినేసి గుంటలు చేస్తుంది. పాలిష్ పట్టించినా చుక్కలు మళ్లీ వచ్చాయి.

చివరికి 316ఎల్ గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీల్ పైపులు వేయించాను. ఇందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అనే లోహం ఉంటుంది. గుంటలు పడకుండా అడ్డుకునేది ముఖ్యంగా అదే. కార్బన్ 0.03 శాతం మించదు కాబట్టి అతుకుల చుట్టూ తుప్పు పట్టే ముప్పు కూడా తక్కువ. అయస్కాంతంతో ఈ రెండు గ్రేడ్‌లను వేరుచేయలేం, స్టీల్‌లో ఏమేం ఎంతెంత ఉన్నాయో తయారీదారు రాసిచ్చే మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ తప్పకుండా అడగండి. వెల్డింగ్‌కి నల్లబడిన చోట ఆ నలుపు పొరను తీసేసే యాసిడ్ ముద్ద, అంటే పిక్లింగ్ పేస్ట్ పూయించి బాగా కడిగించాను. నెలకోసారి మంచినీళ్లతో కడుగుతున్నాం. ఉప్పు పేరుకుంటే 316ఎల్‌కైనా మరకలు పడతాయి.