ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మొరాయిస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

డేటాను ఎన్‌క్రిప్ట్ చేయడానికి, సర్టిఫికెట్లను సరిచూడడానికి ప్రోగ్రాములు వాడే లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్. అది ఇచ్చే ఎర్రర్ సందేశం పని ఎక్కడ ఆగిందో చెబుతుంది, ఎందుకు ఆగిందో చెప్పడం అరుదు. ఎన్‌క్రిప్ట్ చేసిన కోడ్ ఒక డిఫాల్ట్‌ను నమ్ముకుంటుంది, డీక్రిప్ట్ చేసే కోడ్ మరొకదాన్ని నమ్ముకుంటుంది. గొడవ సాధారణంగా అక్కడే మొదలవుతుంది. కాబట్టి కోడ్ మీద చేయి వేసే ముందు రెండు వైపులా ఏ వెర్షన్ నడుస్తోందో చూడండి. కంపైల్ చేసినప్పటి హెడర్ ఫైళ్లది ఒక వెర్షన్, నడిచేటప్పుడు లోడ్ అయిన లైబ్రరీది వేరే వెర్షన్ కావడం వింతేమీ కాదు. రెండింటినీ ప్రింట్ చేసి పోల్చండి.

పాస్‌వర్డ్ సరైనదే, అయినా ‘బ్యాడ్ డీక్రిప్ట్’

ఫైలు పాత యంత్రంలో తెరుచుకుంటుంది, కొత్తదానిలో తెరుచుకోదు. కమాండ్ లైన్‌లో ఎన్‌క్రిప్ట్ చేసి దాచిన ఫైళ్లకు ఇది పాత జబ్బు. పాస్‌వర్డ్ నుంచి కీ తయారుచేయడానికి పాత వెర్షన్లు ఎండీ5 అనే డైజెస్ట్ (హాష్ పద్ధతి) వాడేవి. 2016లో వచ్చిన 1.1.0 నుంచి డిఫాల్ట్ షా-256కు మారింది. పాస్‌వర్డ్ ఒకటే అయినా కీ వేరు.

డైజెస్ట్ ఆప్షన్‌లో ఎండీ5 అని ఇస్తే పాత ఫైలు తెరుచుకుంటుంది. దాన్ని అలాగే వదిలేయకండి. పాత పద్ధతి కీ తయారీని ఒక్క ఆవృత్తితో ముగిస్తుంది, పాస్‌వర్డ్‌ను ఊహించి చూసేవాడికి అంతకన్నా సులువు ఏముంటుంది? 1.1.1లో చేరిన, కీ తయారీని ఎన్నో ఆవృత్తులు తిప్పే పీబీకేడీఎఫ్2 ఆప్షన్‌తో మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేయండి. ఆవృత్తుల సంఖ్య చెప్పకపోతే అది 10,000 తీసుకుంటుంది. డైజెస్ట్‌ను, సంఖ్యను రెండింటినీ మీరే పేర్కొంటే రేపు డిఫాల్ట్ మారినా ఇబ్బంది ఉండదు.

అదే ఫైలును మీ సొంత ప్రోగ్రాముతో విప్పుతున్నారా? మొదటి 16 బైట్లు డేటా కావు. 8 బైట్ల గుర్తు, ఆపైన 8 బైట్ల సాల్ట్ (కీ తయారీలో పాస్‌వర్డ్‌కు కలిపే యాదృచ్ఛిక బైట్లు) ఉంటాయి. ఆ సాల్ట్‌తో కీ తయారుచేసుకుని, 17వ బైటు నుంచి డీక్రిప్ట్ చేయాలి.

ఇంతకీ ‘బ్యాడ్ డీక్రిప్ట్’ అన్నదానికి చివరి బ్లాకులో ప్యాడింగ్ (బ్లాకు నిండడానికి చేర్చే బైట్లు) కుదరలేదని మాత్రమే అర్థం. తప్పు కీతో కూడా సుమారు 256లో ఒకసారి ప్యాడింగ్ కుదిరిపోతుంది. అప్పుడు ఎర్రర్ లేకుండానే చెత్త బయటికి వస్తుంది. ఎర్రర్ రాలేదు కాబట్టి కీ సరైనదేనని టెస్టులో రాయకండి.

‘రాంగ్ ఫైనల్ బ్లాక్ లెంగ్త్’ అని వస్తే సంగతి వేరు. ఇన్‌పుట్ పొడవు బ్లాకు పొడవుకు (ఏఈఎస్ సైఫర్‌లో 16 బైట్లు) గుణిజం కాదు. బేస్64ను (బైట్లను అక్షరాలుగా రాసే పద్ధతి) విప్పకుండా ఇచ్చి ఉంటారు, లేదా బైనరీ డేటా పొడవును స్ట్రింగ్ ఫంక్షన్‌తో కొలిచి ఉంటారు. ఆ ఫంక్షన్ మొదటి సున్నా బైటు దగ్గరే ఆగిపోతుంది.

జీసీఎం మోడ్‌లో ఫైనల్ విఫలం, ఎర్రర్ క్యూ ఖాళీ

డీక్రిప్షన్‌ను ముగించే ఫైనల్ ఫంక్షన్ విఫలమైనా, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎర్రర్లను దాచే క్యూలో ఏమీ లేదంటే, డేటా మారలేదని చూపే ట్యాగ్ సరిపోలలేదన్నమాట. జావా, వెబ్ క్రిప్టో ట్యాగ్‌ను సైఫర్‌టెక్స్ట్ చివర అంటించి ఇస్తాయి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ దాన్ని విడిగా అడుగుతుంది. అటునుంచి వచ్చిన డేటాలో చివరి 16 బైట్లను కోసి, ఫైనల్ పిలిచే ముందే ట్యాగ్‌గా అమర్చండి. ఫైనల్ నెగ్గే వరకు, దానికి ముందు పిలిచే అప్‌డేట్ ఫంక్షన్ ఇచ్చిన ప్లెయిన్‌టెక్స్ట్‌ను ఎవరికీ అందించకూడదు. అది ఇంకా నమ్మదగినది కాదు.

3.0కు మారగానే ‘అన్‌సపోర్టెడ్’

2021 సెప్టెంబరులో వచ్చిన 3.0లో ఎండీ4, ఆర్‌సీ4, ఆర్‌సీ2, డెస్, బ్లోఫిష్ వంటివి పాత ఆల్గారిదంలను విడిగా ఉంచే లెగసీ ప్రొవైడర్ అనే మాడ్యూల్‌లోకి వెళ్లాయి. దాన్ని మీరు అడిగితేనే లోడ్ చేస్తుంది. 40 బిట్ల ఆర్‌సీ2తో తాళం వేసిన పాత పీకేసీఎస్12 ఫైళ్లు (కీని, సర్టిఫికెట్‌ను కలిపి దాచేవి) తెరుచుకోకపోవడానికి, ఎండీ4 మీద ఆధారపడిన వెబ్‌ప్యాక్ (జావాస్క్రిప్ట్ బిల్డు సాధనం) పాత బిల్డులు నోడ్.జేఎస్ 17లో కూలిపోవడానికి కారణం ఇదే.

కమాండ్ లైన్‌లో లెగసీ ఆప్షన్ చాలు. ప్రోగ్రాములో మాత్రం ఒక మెలిక ఉంది: లెగసీ ప్రొవైడర్‌ను మీరు లోడ్ చేసిన క్షణం నుంచి డిఫాల్ట్ ప్రొవైడర్ తనంతట తాను లోడ్ కాదు. ఆర్‌సీ2 పనిచేయడం మొదలుపెట్టి ఏఈఎస్ మాయమైందంటే మీరు చిక్కుకున్నది ఇక్కడే. రెండింటినీ లోడ్ చేయండి. ఇది ఫైలును కొత్త ఆల్గారిదంలోకి మార్చుకునేంత వరకే.

కనెక్షన్ బాగానే ఉంది, అప్పుడప్పుడు తెగుతోంది

టీఎల్‌ఎస్ (నెట్‌వర్క్ కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే ప్రోటోకాల్) రీడ్ తర్వాత ఏమైందో తెలుసుకోవడానికి పిలిచే ఫంక్షన్, ఆ థ్రెడ్ ఎర్రర్ క్యూను కూడా చూస్తుంది. ఎక్కడో సర్టిఫికెట్ చదివేటప్పుడు మిగిలిపోయిన ఎర్రర్ క్యూలో ఉంటే, ‘మళ్లీ చదువు’ అనాల్సిన చోట ‘ఘోరం జరిగింది’ అంటుంది. కనెక్షన్‌తో సంబంధం లేని తప్పుకు కనెక్షన్ బలవుతుంది. ప్రతి రీడ్, రైట్, హ్యాండ్‌షేక్‌కు ముందు క్యూను ఖాళీ చేయండి.

తప్పుడు సంతకం సరైనదిగా చెల్లుతోంది

ఇది అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే లక్షణమే కనిపించదు. సంతకం సరిచూసే ఫంక్షన్ విజయానికి 1 ఇస్తుంది, సంతకం తప్పయితే 0 ఇస్తుంది, మరేదైనా చెడితే రుణసంఖ్య కూడా ఇవ్వవచ్చు. సీ భాషలో సున్నా కానిదంతా నిజమే కదా, కాబట్టి ‘విఫలం కాకపోతే’ అని రాసిన షరతు ఆ రుణసంఖ్యను గెలుపుగా లెక్కిస్తుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ తన సొంత కోడ్‌లోనే ఈ తప్పును 2009 జనవరిలో సరిదిద్దుకోవాల్సి వచ్చింది. ఫలితం కచ్చితంగా 1కి సమానమా అని మాత్రమే అడగండి.

‘అనేబుల్ టు గెట్ లోకల్ ఇష్యూయర్ సర్టిఫికెట్’

సాధారణంగా దీనికి కారణం, సర్వర్ తన సర్టిఫికెట్‌ను రూట్ సర్టిఫికెట్‌తో గొలుసుగా కలిపే మధ్యంతర సర్టిఫికెట్‌ను పంపకపోవడం. బ్రౌజర్లు దాన్ని వేరే దారిలో తెచ్చుకుని సర్దుకుంటాయి కాబట్టి అక్కడ తేడా తెలియదు. సర్వర్‌లో పూర్తి గొలుసును పెట్టండి. గొలుసు సరిగానే ఉంటే క్లయింట్ వైపు రూట్ సర్టిఫికెట్ల కట్ట పాతబడిందేమో చూడండి.

వెరిఫికేషన్‌ను ఆపేయమని సలహా ఇచ్చేవారు ఎప్పుడూ దొరుకుతారు, వినకండి. అసలు క్లయింట్‌లో వెరిఫికేషన్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉండదు. దాన్ని మీరే ఆన్ చేయాలి. ఆన్ చేసినా గొలుసును మాత్రమే చూస్తుంది. ఆ సర్టిఫికెట్ మీరు వెళ్లదలచిన సర్వర్‌దేనా అన్నది తేలాలంటే హోస్ట్ పేరును కూడా విడిగా ఇవ్వాలి.