కండరాల సాధన, 4వ పాఠం: వారాన్ని పంచుకోవడం

పోయిన పాఠంలో సెట్లు లెక్కపెట్టడం నేర్చుకున్నాం. ఒక్కో పెద్ద కండరానికి వారానికి సుమారు 10 నుంచి 20 గట్టి సెట్లు పడాలని చెప్పుకున్నాం. ఒక వ్యాయామాన్ని ఒకసారి చేస్తే ఒక రెప్, ఆగకుండా వరసగా చేసే రెప్స్ అన్నీ కలిపి ఒక సెట్టు. సెట్టు ముగిసేసరికి ఇంకో రెండు మూడు రెప్స్‌కు మించి చేసే ఓపిక మిగలకపోతేనే అది గట్టి సెట్టు. ఇప్పుడు ఆ సెట్లను ఏ రోజుకు ఎన్ని వేసుకోవాలో చూద్దాం.

చాలామంది ఈ పని తలకిందులుగా మొదలుపెడతారు. ముందే సోమవారం ఛాతీ, మంగళవారం వీపు, బుధవారం భుజాలు, గురువారం చేతులు, శుక్రవారం కాళ్లు అని రాసేసుకుంటారు. రెండు వారాలు బాగానే నడుస్తుంది. మూడో వారం ఏదో పని తగులుతుంది, శుక్రవారం జిమ్‌కి వెళ్లలేరు. కాళ్లకు ఆ వారం సున్నా సెట్లు. పైగా ఎగ్గొట్టే రోజు ఎందుకో ఎప్పుడూ కాళ్లదే అవుతుంది!

కాబట్టి కండరాల పేర్లు కాసేపు పక్కన పెట్టండి. గత నెలలో నిజంగా వారానికి ఎన్ని రోజులు వెళ్లారో చూడండి. వెళ్లాలనుకున్న రోజులు లెక్కలోకి రావు. నాలుగు అనుకుని మూడే వెళ్తుంటే మీ సంఖ్య మూడు. ప్లాన్ దాని మీదే కట్టాలి.

రెండు మూడు రోజులే కుదిరేవాళ్లు పెద్దగా ఆలోచించక్కర్లేదు. వెళ్లిన ప్రతిసారీ ఒళ్లంతా చేయడమే, అంటే ఫుల్ బాడీ. కాళ్లకు రెండు వ్యాయామాలు, తోసేవి రెండు, లాగేవి రెండు, సమయం ఉంటే చేతులకు ఒకటి. దీన్ని కొత్తవాళ్ల పద్ధతి అని చిన్నచూపు చూసేవాళ్లున్నారు. 1947లో మిస్టర్ అమెరికా బాడీబిల్డింగ్ పోటీ గెలిచిన స్టీవ్ రీవ్స్ వారానికి మూడు రోజులు ఒళ్లంతా చేసే పద్ధతికే పేరుపడ్డాడు. సాధన మొదలుపెట్టి ఏడాది కూడా కానివాళ్లకు నేను ఇంకోటి చెప్పను.

ఒక కండరానికి వారానికి ఒక్కసారి సరిపోదా అని అడుగుతారు. గట్టిగా చేశాక కండరం కొత్త ప్రొటీన్ కట్టుకునే వేగం సుమారు ఒకటి రెండు రోజులు ఎక్కువగా ఉండి, మళ్లీ మామూలుకు వస్తుంది. కండరాల పెరుగుదల మీద పరిశోధనలు చేసే బ్రాడ్ షోన్‌ఫెల్డ్ బృందం 2016లో పాత ప్రయోగాలన్నీ కలిపి చూసి, వారానికి రెండుసార్లు చేయడం ఒకసారి కంటే మేలని తేల్చింది. అదే బృందం 2019లో మళ్లీ చూసినప్పుడు, మొత్తం పని సమానంగా ఉంటే ఎన్నిసార్లు అన్నదాని వల్ల పెద్ద తేడా కనిపించలేదు. నేను మాత్రం రెండుసార్లే అంటాను, కారణం వేరే. ఛాతీకి ఒకే రోజు 14 సెట్లు పెడితే ఎనిమిదో సెట్టుకే బరువు తగ్గించాల్సి వస్తుంది, మిగతావి ఏదో కానిచ్చేస్తారు. ఏడు ఏడుగా చేస్తే అన్నీ గట్టి సెట్లే అవుతాయి.

ఇక నాలుగు రోజుల వాళ్లు. పనికి వెళ్తూ సాధన చేసేవాళ్లకు నా ఓటు దీనికే. రెండు రోజులు పై భాగం, రెండు రోజులు కింది భాగం. ఇది కాస్త వివరంగా రాసి చూద్దాం, తప్పులు ఎక్కడ దొర్లుతాయో తెలుస్తుంది. వ్యాయామం పక్కన ఉన్న అంకె సెట్ల సంఖ్య.

సోమవారం పై భాగం: బెంచ్ ప్రెస్ 4, వంగి చేసే బార్‌బెల్ రో (బరువును పొట్ట వైపు లాగడం) 4, షోల్డర్ ప్రెస్ 3, పుల్‌డౌన్ 3, బైసెప్స్ (చేయి ముందు కండరం) కర్ల్ 2, ట్రైసెప్స్ (చేయి వెనక కండరం) పుష్‌డౌన్ 2. మంగళవారం కింది భాగం: స్క్వాట్ 4, రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (తుంటి దగ్గర వంగి లేస్తూ బరువు ఎత్తడం) 4, పిక్కలు 4, క్రంచ్ 3. బుధవారం విశ్రాంతి. గురువారం మళ్లీ పై భాగం: ఇంక్లైన్ డంబెల్ ప్రెస్ 4, పుల్‌డౌన్ 4, కూర్చుని కేబుల్ రో 3, ఫ్లై 2, లాటరల్ రైజ్ 3, కర్ల్ 2, పుష్‌డౌన్ 2. శుక్రవారం కింది భాగం: లెగ్ ప్రెస్ 4, లంజెస్ 3, లెగ్ కర్ల్ 4, పిక్కలు 4.

కాగితం మీద ముచ్చటగా ఉంది కదా. ఇప్పుడు మంగళవారం పొద్దున మీ నడుము ఎలా ఉంటుందో ఆలోచించండి. సోమవారం బార్‌బెల్ రోలో నాలుగు సెట్లపాటు ఒళ్లు వంచి బరువు మోసింది నడుమే. మర్నాడే స్క్వాట్, ఆ వెంటనే డెడ్‌లిఫ్ట్. తొడల్లో ఇంకా సత్తువ ఉన్నా నడుము ముందే చేతులెత్తేస్తుంది. పేరుకు వీపు, కాళ్లు వేర్వేరు రోజుల్లో ఉన్నాయి గానీ మధ్యలో నడుముకు తీరికే లేదు. అందుకే సోమవారం రోను ఏటవాలు బెంచి మీద ఛాతీ ఆనించి డంబెల్స్‌తో చేయండి. వీపుకు పని అంతే పడుతుంది, నడుముకు విశ్రాంతి దొరుకుతుంది. వంగి చేసే రోనే ఇష్టమైతే గురువారం కేబుల్ రో స్థానంలో పెట్టుకోండి. శుక్రవారం నడుము మీద భారం తక్కువే కాబట్టి ఇబ్బంది ఉండదు.

ఈ దొంగ లెక్క చేతులకూ ఉంటుంది. పై ప్లాన్‌లో ట్రైసెప్స్‌కు నేరుగా పడ్డవి నాలుగే సెట్లు, చూస్తే తక్కువనిపిస్తుంది. కానీ బెంచ్ 4, ఇంక్లైన్ 4, షోల్డర్ ప్రెస్ 3, మొత్తం 11 సెట్లలో మోచేయి చాచింది ట్రైసెప్సే. వాటిని సగం చొప్పున లెక్కేస్తే ఐదున్నర, నేరుగా చేసిన నాలుగుతో కలిపి తొమ్మిదిన్నర. బైసెప్స్‌కు రోలు, పుల్‌డౌన్లు కలిపి 14, అందులో సగం 7, కర్ల్స్ 4, మొత్తం 11. చేతుల కోసం విడిగా ఒక రోజు ఎందుకు పెట్టలేదో అర్థమైందనుకుంటా. సగం అన్నది అంచనాయే, మరీ త్రాసులో తూచకండి.

భుజం ముందు భాగానిదీ ఇదే కథ. ఛాతీ మర్నాడు భుజాలు పెట్టుకుంటే అది వరసగా రెండు రోజులు నలుగుతుంది. ప్రెస్ చేసేటప్పుడు భుజం గుచ్చుతోందంటే ముందు ప్లాన్‌లో ఆ వరస చూడండి. నొప్పి తగ్గకపోతే డాక్టర్‌కు చూపించాలి, ప్లాన్ మార్చి సరిపెట్టుకోకూడదు.

ఆరు రోజుల పుష్, పుల్, లెగ్స్ గురించి రెండు ముక్కలు. తోసేవి ఒక రోజు, లాగేవి ఒక రోజు, కాళ్లు ఒక రోజు, వారంలో రెండు చుట్లు. నిద్ర, తిండి సరిగ్గా ఉండి, ఆరు రోజులూ వెళ్లగలిగేవాళ్లకు బాగానే పనిచేస్తుంది. ఐదు రోజులైతే పై భాగం, కింది భాగం చేసి, తర్వాత పుష్, పుల్, లెగ్స్ కలుపుకోవచ్చు.

ఏ ప్లాన్ అయినా దానికి రోజుల పేర్లు కాకుండా 1, 2, 3, 4 అని నంబర్లు పెట్టండి. మంగళవారం వెళ్లలేకపోతే బుధవారం చేయాల్సింది 2వ నంబరే. వదిలేసి ముందుకు దూకొద్దు, రెండూ కలిపి ఒకేరోజు కుమ్మేయొద్దు. ఆ వారం నాలుగోది మిగిలిపోతే వచ్చే సోమవారం దానితోనే మొదలవుతుంది. ఇలా చేస్తే కాళ్లు ఎప్పుడూ బలి కావు.

ఈ వారం అభ్యాసం: మీ ప్లాన్ ఒక కాగితం మీద రాయండి. ప్రతి వ్యాయామం పక్కన అది నేరుగా కష్టపెట్టే కండరం, సాయానికి వచ్చే కండరం రెండూ రాయండి. ఒకే పేరు వరసగా రెండు రోజుల్లో కనిపించిన చోట ఎర్ర గీత గీయండి. నడుము, భుజం ముందు భాగం, చేతి పట్టు, ఈ మూడింటినీ మాత్రం విడిగా వెతకండి. గీతలు రెండు దాటితే రోజుల వరస మార్చి చూడండి, లేదంటే వ్యాయామం మార్చండి. నాలుగు వారాలు అదే కాగితంతో నడిచి, ప్రతి సెట్టు బరువూ రెప్స్ రాసి ఉంచండి. 5వ పాఠంలో బరువు ఎప్పుడు, ఎంత పెంచాలో ఆ అంకెలతోనే తేల్చుకుందాం.